మనమూ కత్తులు నూరుదాం

— ఒక రైతుబిడ్డ, బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం

శీర్షిక చూసి ఎవరూ కంగారు పడనక్కరలేదు. కాలేజీలో కత్తులు నూరడమంటే ఏమిటో మనకందరికీ తెలిసినదే. క్రికెట్ జట్టును ఎంపిక చేసిన రోజున, వార్షికోత్సవ నాటికలో పాత్రలు పంచిన రోజున ఒకరి మీద ఒకరం కావలసినంత నూరుకొన్నాం. నేను రాయబోయేది ఆ నూరుడు గురించి కాదు. నిజం కత్తి, నిజం రాయి, కాసిని నీళ్ళు. మా అమ్మ కత్తిపీట గురించి రాస్తున్నాను.

"దేశంలో ఇన్ని సమస్యలుండగా నీకు కత్తిపీటే దొరికిందా?" అని సంపాదకవర్గంలోని మిత్రుడొకడు నవ్వాడు. నిజమే. నిరుద్యోగం మీద, వరకట్నం మీద, పర్యావరణం మీద నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కాని ఆ సమస్యల్లో ఏ ఒక్కదాన్నీ నేను ఈ ఆదివారం ఇంటికి వెళ్ళి గంటలో సరిచెయ్యలేను. దీన్ని చెయ్యగలను. చేశాను కూడా. అందుకే రాస్తున్నాను.

మాది వేటపాలెం. జీడిపప్పుకు, చేనేతకు, 1918లో నెలకొల్పిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి పేరుపడ్డ ఊరు. మా తాతయ్య పుట్టేనాటికి గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళాం. 2022లో బాపట్ల జిల్లాలో చేరాం. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూశాం. ఈ మూడు జిల్లాల్లోనూ మా ఇంట్లో మారకుండా ఉన్నది ఒక్క కత్తిపీటే. అది మా నాయనమ్మ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకొన్నది.

మిగతావన్నీ మారాయి. ఆయిల్ ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది. ఇప్పుడు నాన్న ఇంట్లో కూర్చుని సెల్ ఫోనులో నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది. చేత్తో కొట్టే స్ప్రేయరు పోయి బ్యాటరీది వచ్చింది. వంటింట్లోకి కూడా గ్యాసు పొయ్యి వచ్చింది, మట్టి అరుగు ఉన్నచోట చీమకుర్తి నల్ల గ్రానైటు గట్టు వచ్చింది. మోటారు కాలిపోతే నాన్న రాత్రికి రాత్రి చీరాల నుంచి మెకానిక్కును వెంటబెట్టుకొని వస్తాడు. కత్తిపీట మొద్దుబారితే మాత్రం ఎవరూ ఎవర్నీ పిలవరు. అమ్మ ఇంకొంచెం గట్టిగా నొక్కుతుంది. అంతే.

కిందటి సంక్రాంతి సెలవుల్లో ఒకనాడు అమ్మ కంద కోస్తోంది. కంద సంగతి తెలిసిందే కదా, పైన మొరటు, లోపల జారుడు. కత్తి దిగలేదు. రెండు చేతులతో అదిమింది. ముక్క పక్కకు తిరిగింది, అరచెయ్యి కత్తి మీదికి వెళ్ళింది. నాలుగు కుట్లు పడ్డాయి. అవి మిరపకోతల రోజులు. తెగిన చేతికి మిరప ఘాటు తగిలితే ఎట్లా ఉంటుందో మా ప్రాంతంవాళ్ళకు వేరే చెప్పాలా? ఆ కోతకు అమ్మ చేలోకి రాలేకపోయింది. కుట్లు వేయించుకొని బండి మీద తిరిగి వస్తుంటే వెనక నుంచి ఒక మాట అంది: "మొద్దు కత్తేగా, ఏం తెగుద్దిలే అనుకున్నా రా."

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని ఐదేళ్ళుగా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకొంటున్నవాణ్ణి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బాగా నూరిన కత్తి అంచు మందం ఒక మైక్రాను ప్రాంతంలో ఉంటుంది. మొద్దుబారితే అదే పది, ఇరవై మైక్రాన్లు అవుతుంది. అంచు మందమైనకొద్దీ కాయ తెగడానికి ఎక్కువ బలం పెట్టాలి. అంత బలంతో నొక్కిన చెయ్యి కాయ జారిన క్షణంలో ఆగదు. వంకాయను కొయ్యలేని కత్తి చేతిని కొయ్యలేదనుకోవడం పొరపాటు. పైగా మొద్దు కత్తి ఉల్లిపాయను కొయ్యదు, చిదుముతుంది. రసం ఎక్కువ చిమ్ముతుంది, కళ్ళు ఎక్కువ మండుతాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఇరవై ఏళ్ళుగా ఆ కత్తిపీట కోసిన కూరలు తిన్నానే గాని ఒక్కనాడు దాని అంచును వేలితో తాకి చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లో పదును ఉండవలసిన వస్తువులన్నీ వసారాలో పరిచి చూశాను. నాన్న గొడ్డలి నిగనిగలాడుతోంది. పత్తికట్టె కొట్టే కత్తి బాగానే ఉంది. కొబ్బరిబోండాల కత్తి సరే సరి. కత్తిపీట, గ్రానైటు గట్టు మీద ఉండే రెండు స్టీలు కత్తులు మాత్రం కాగితాన్ని కూడా కొయ్యలేకపోయాయి. పత్తికట్టె కొట్టే కత్తి ఏడాదిలో ఎన్ని రోజులు వాడతాం? పదో, పదిహేనో. కత్తిపీట రోజుకు మూడుసార్లయినా వాడతారు, అంటే ఏడాదికి వెయ్యిసార్లకు పైనే. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాడే కత్తికే అన్నిటికంటే తక్కువ పదును! నాన్న చేతిలోవన్నీ పదునుగానే ఉన్నాయి, అమ్మ చేతిలోవన్నీ మొద్దుగానే ఉన్నాయి.

ఇది నాన్న తప్పని నేననను. ఆయన్ను అడిగితే కాసేపు ఆలోచించి, "పూర్వం అది చూసుకొనే దారి ఒకటుండేదిరా, అది పోయింది" అన్నాడు. ఆ దారేమిటో నాయనమ్మ చెప్పింది. వరికోతల ముందు కొడవళ్ళకు కక్కు పెట్టించడానికి మగవాళ్ళు కొలిమికి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు అదే గోతాంలో కత్తిపీట కూడా పడేసేవాళ్ళు. కమ్మరికి ఏడాదికోసారి కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు గనుక కత్తిపీటకంటూ వేరే డబ్బు అడిగేవాడు కాదు. మధ్యమధ్యలో నూతి పళ్ళెం రాయి ఉండనే ఉంది. నాయనమ్మ రోజూ కత్తి రుద్దీ రుద్దీ ఆ రాతి మీద అరచేతి పొడవున గాడి పడింది.

తరువాత వరికోత యంత్రం వచ్చింది. కొడవలి చూరులోనే ఉండిపోయింది. కొడవలి కొలిమికి వెళ్ళకపోతే దాని వెంట వెళ్ళే కత్తిపీటా వెళ్ళలేదు. పని తగ్గి కొలిమి ఆరిపోయింది. నుయ్యి పూడ్చి బోరు వేసుకొన్నాం, ఆ రాయి ఎటుపోయిందో తెలియదు. గ్రానైటు గట్టు మీద కత్తి రుద్దితే జారుతుందే గాని నూరుకోదు. సైకిలుకు సానచక్రం బిగించుకొని వీధి వీధీ తిరిగేవాళ్ళు ఇప్పుడు ఎప్పుడో గాని కనిపించరు. నాన్న పనిలో పోయిన ప్రతిదానికీ బదులుగా మరొకటి వచ్చింది. కత్తిపీటకు పోయిన కొలిమికీ, నూతిరాయికీ బదులుగా ఏదీ రాలేదు. ఆ లోటును అమ్మ చేతిబలమే పూడ్చుకొంటూ వస్తోంది. నేను చెప్పదలచుకొన్న అసలు విషయం ఇదే.

మా ఊళ్ళో జీడిగింజ కొట్టేచోట చూడండి. బ్లేడు పదును తగ్గితే పప్పు విరుగుతుంది, గుండుపప్పు కావలసింది బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. కాబట్టి అక్కడ బ్లేడు సంగతి ఎవరో ఒకరు పట్టించుకొంటారు. అక్కడ పగలంతా పనిచేసిన అక్క సాయంత్రం ఇంటికి వచ్చి మొద్దు కత్తితో బెండకాయలు కోసుకొంటుంది. ఆ బెండకాయ ముక్కకు మార్కెట్లో ధర లేదు మరి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఊరికే పుట్టలేదు.

సరే, కత్తికి పదును పెట్టాలని నిశ్చయించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు మొదటి రెండు ప్రయత్నాలూ బెడిసికొట్టాయి.

మొదట ఒక బుల్లి పరికరం తెప్పించాను. గాడిలో కత్తిపెట్టి నాలుగుసార్లు లాగితే చాలన్నారు. స్టీలు కత్తులకు రెండు రోజులు పదును వచ్చిన మాట నిజమే. కాని ఆ గాడిలోని గట్టి పలకలు అంచును నూరవు, చెక్కేస్తాయి. భూతద్దం కింద పెట్టి చూస్తే అంచు ఎలుక కొరికినట్టుంది. కత్తిపీటయితే ఆ గాడిలో పట్టనే పట్టదు.

రెండోసారి కత్తిపీట పట్టుకెళ్ళి ఒక వెల్డింగు షాపులో కరెంటు చక్రానికి పట్టించాను. నిప్పురవ్వలు భలేగా లేచాయి. నేనూ సంబరంగా చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి చూస్తే కత్తి కొన దగ్గర నీలం రంగు తేలింది. గట్టిపరచిన ఉక్కును 300 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేస్తే పైన పల్చని ఆక్సైడు పొర ఏర్పడి ఆ నీలం కనిపిస్తుంది. అంటే అక్కడ ఉక్కు తన గట్టిదనంలో కొంత పోగొట్టుకొన్నదని అర్థం. ఎంత నూరినా అక్కడ పదును నిలవదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట.

అప్పుడు వెళ్ళాను, మొదటే వెళ్ళవలసిన చోటికి. కొలిమి మానేసి ఇప్పుడు ఆటో నడుపుకొంటున్న బాబాయి ఒకాయన మా వీధి చివర ఉన్నాడు. కత్తిపీట చూడగానే, "ఇది మా నాన్న చేసింది" అన్నాడు. నీలం మచ్చ చూసి నన్ను ఒక్క మాటా అనలేదు. "కంగారేం లేదు అబ్బాయ్. నూరుతా ఉంటే ఏడాదికి ఆ ముక్క అరిగిపోద్ది, కింద మంచి ఉక్కే ఉంది" అన్నాడు. చీరాలలో హార్డువేరు షాపు నుంచి రెండు వైపులా వాడే రాయి ఒకటి తెమ్మన్నాడు. నాలుగు ఆదివారాలు ఆటో పక్కన కూర్చోబెట్టి నేర్పాడు. పదే పదే చెప్పింది ఒక్కటే: "రాయి మీద బలం పెట్టమాక. ఓపిక పెట్టు."

ఆ రాయి సంగతి కూడా కొంచెం చెప్పాలి. అది సిలికాన్ కార్బైడు. అమెరికాలో అచెసన్ అనే ఆయన 1891లో బంకమట్టినీ కోకునూ విద్యుత్తుతో కాల్చి కృత్రిమ వజ్రం చేయబోతే అనుకోకుండా ఇది తయారయింది. కార్బొరండం అని పేరు పెట్టాడు. మనమంతా బట్టీపట్టిన మోహ్స్ కాఠిన్య మానంలో వజ్రానిది 10, దీనిది 9కి పైన. మద్రాసులో 1954 నుంచీ దీనితో సానరాళ్ళు చేసే కంపెనీ ఉంది. అంటే ఇదేమీ నిన్నమొన్న వచ్చిన వింత కాదు. మా నూతిరాయి పోయినప్పుడే దాని చోటికి రావలసిన వస్తువు, అంతే. తరువాత దానికంటే నునుపైన, వెయ్యి నంబరు రాయి మరొకటి కొన్నాను. రెంటికీ కలిపి నా సెల్ ఫోను మూడు నెలల రీచార్జికి మించలేదు. కత్తిని బిగించి కోణం కదలకుండా పట్టుకొనే పరికరాలు వేలు పోస్తే దొరుకుతాయి. అవి మంచివే గాని కత్తిపీటకు పనికిరావు.

పద్ధతి కష్టమైనది కాదు. రాయిని నీళ్ళలో తడిపి తడిగుడ్డ మీద కదలకుండా పెట్టాలి. కత్తి వెడల్పు నాలుగు సెంటీమీటర్లయితే వెన్నును రాతికి 1.2 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకొంటే కోణం దాదాపు 17 డిగ్రీలు. సైన్ పట్టిక చూసుకోండి, నేను చూశాను. ఆ కోణం మారకుండా గరుకు వైపు నూరుతూ ఉంటే, రెండో వైపు అంచున గోరుకు తగిలే సన్నని ఇనుపపొర లేస్తుంది. ఆ పొర అంచు పొడుగునా లేచేదాకా ఆ వైపు పని కాలేదన్నమాటే. తరువాత కత్తి తిప్పి రెండో వైపు నూరాలి. ఆ తరువాత నునుపు రాయి. చివరగా పాత తోలుబెల్టు మీద అంచు వెనక్కి ఉండేలా పదిసార్లు లాగితే మిగిలిన పొర రాలిపోతుంది. పూర్వం మంగలిషాపుల్లో తోలుపట్టా వేలాడుతూ ఉండేది ఇందుకే. కత్తిపీటకయితే కత్తిని రాతి మీదికి తేలేం గనుక, పీటను కదలకుండా కాలితో అదిమి, చిన్న రాతిముక్కనే కత్తి మీద నడిపించాలి. వేళ్ళు రాయి అంచు దాటి కిందికి రాకూడదు. పని అయ్యాక తుడిచి ఒక నూనెచుక్క రాస్తే తుప్పు పట్టదు. మొదటిసారి గంట పట్టింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి పది నిమిషాలు చాలు.

ఇక అభ్యంతరాలు. "యాభై రూపాయలు పారేస్తే కొత్త కత్తి వస్తుందిగా" అంటారు కొందరు. ఆ యాభై రూపాయల కత్తి కూడా నెల తిరిగేసరికి మొద్దుబారుతుంది. అప్పుడు మళ్ళీ అమ్మ చేతిబలమే గతి. కొత్త కత్తి కొనడం వల్ల పదును పెట్టే అలవాటు రాదు.

రెండో అభ్యంతరం కొంచెం ఘాటైనది. నేను వసారాలో కూర్చుని నూరుతుంటే బంధువులలో పెద్దాయన ఒకరు చూసి, "బి.ఎస్సీ. చదివి ఇదా నువ్వు చేసే పని? ఇది మన పనా?" అన్నారు. ఆ "మన పనా" అన్న మాటలో ఎంత చరిత్ర ఉందో వివరించనక్కరలేదు. ఆయనకు ఎదురు చెప్పలేదు గాని ఇక్కడ చెబుతాను. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టిన మైకేల్ ఫారడే ఒక కమ్మరి కొడుకు. అంతకు ముందు, 1819లో, ఆయన మన దేశపు ఉక్కును విశ్లేషించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని వూట్జ్ అన్నారు. మన "ఉక్కు" అన్న మాటే అట్లా మారిందంటారు. ఆ తరువాత ఉక్కు మిశ్రమాల మీద ఫారడేతో కలిసి ప్రయోగాలు చేసిన జేమ్స్ స్టోడార్టు ఎవరనుకొన్నారు? లండనులో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే పనివాడు. అటువంటి ఉక్కు కాచిన ఊళ్ళలో ఒకటి ఇప్పటి తెలంగాణలోని కోనసముద్రం. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం వచ్చేవాళ్ళు. కత్తిపని చేసే మనిషి పక్కన కూర్చుని పనిచెయ్యడానికి ఫారడేకు లేని నామోషీ మనకెందుకు? మన దగ్గర ఉక్కు తెలిసినవాడు ఒకడు, పుస్తకం చదివినవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చోలేదు. అదే మనకు నష్టం చేసింది.

కాబట్టి విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో ఒక పూట ఈ పనికి కేటాయిద్దాం. ఒక ఊరు ఎంచుకొని ఇంటింటి కత్తిపీటా చెట్టు కిందికి తెప్పిద్దాం. సైకిలు మీద సాన పట్టే మనిషి నోటి దగ్గర కూడు లాక్కోవాలని కాదు నా ఉద్దేశం. ఆ మనిషినో, కొలిమి మానేసిన కమ్మరినో గురువుగా పిలుద్దాం. కొత్త విషయం చెప్పడానికి వచ్చే ఏ అతిథికైనా ఇచ్చే గౌరవమూ, పారితోషికమూ ఇద్దాం. నేర్చుకొనేవాళ్ళలో అబ్బాయిలు ముందు వరసలో కూర్చోవాలి. ఎందుకో పైన రాసిందంతా చదివినవారికి అర్థమయ్యే ఉంటుంది. భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర ఉపన్యాసకులు కూడా వచ్చి పీడనం గురించీ, నీలం మచ్చ గురించీ అక్కడే నాలుగు మాటలు చెబితే, ఆ పాఠం మేమెవరమూ పరీక్ష అయిపోయాక మరిచిపోము.

మొన్న అమ్మ ఫోను చేసింది. "ఒరేయ్, ఈ వారం వస్తున్నావా? కత్తి మళ్ళీ దిగట్లా" అంది. వినడానికి చిన్న మాటే. కాని అమ్మ ఇదివరకెప్పుడూ ఇట్లా అడగలేదు. కత్తి దిగకపోతే ఇంకాస్త నొక్కాలనే అనుకొనేది. ఇప్పుడు కత్తి దిగకపోతే కత్తిని బాగుచెయ్యాలని అంటోంది.

ఆదివారం వెళ్ళేసరికి నూతి పళ్ళెం ఉండిన చోట నాన్న రాయి తడుపుకొని కూర్చున్నాడు. పక్కన కత్తిపీట. కోణం కొంచెం ఎక్కువే పట్టాడు గాని నేనేమీ అనలేదు. నన్ను చూసి, "పరీక్షలున్నాయిగా నీకు. పో, చదువుకో. ఇది నేను చూస్తాలే" అన్నాడు.

మిత్రులారా, సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో కత్తి తీసుకొని బాగా పండిన టమాటా మీద ఆనించి చూడండి. నొక్కకుండా తెగితే సంతోషం. తెగకపోతే ఆ నొక్కుడు ఇన్నాళ్ళూ ఎవరు నొక్కుతున్నారో ఒక్కసారి తలచుకొని, రాయి కోసం బజారుకు బయలుదేరండి.